నరసరావుపేట మే నెలలో 4.5 గిగాహెర్ట్జ్

పల్నాడు ఎండ గురించి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ వేడి ఎక్కడ అన్న వార్తల్లో రెంటచింతల పేరు తరచూ కనిపిస్తుంది. అలాంటి చోట ప్రాసెసర్‌ను కంపెనీ నిర్ణయించిన వేగం దాటించి తోలడం, అంటే ఓవర్‌క్లాక్ చేయడం, ఏ మేరకు గిట్టుబాటవుతుంది? ఒకనాటి మేటి ప్రాసెసర్ కొని గట్టిగా తోలుకోవడం మేలా, ఈనాటి చిన్న ప్రాసెసర్ కొని దాని మామూలు వేగానికి దాన్ని వదిలేయడం మేలా? సెకండ్ హ్యాండ్ సరుకు మీద ఆశపడే ఇంజినీరింగ్ పిల్లలకూ, పెళ్ళి వీడియోల మిక్సింగ్ చేసుకునే కుర్రాళ్ళకూ ఇది డబ్బుతో ముడిపడ్డ ప్రశ్న. చాలాసార్లు ఆ డబ్బు ఇంట్లోవాళ్ళు పంట అమ్మి పంపింది. అందుకే దీన్ని వివరంగా విచారించాలనిపించింది.

ఈ సంవాదంలోని ఇద్దరూ కల్పిత పాత్రలు. మావయ్య నరసరావుపేటలో కంప్యూటర్లు అసెంబుల్ చేసి, రిపేరు చేసే మనిషి. అల్లుడిది మాచర్ల పక్క పల్లె. నరసరావుపేటలో ఇంజినీరింగ్ చదువుతూ, ముహూర్తాల రోజుల్లో మిక్సింగ్ పని చేస్తాడు. వాళ్ళు చెప్పే అంకెలు మాత్రం కంపెనీలు ప్రకటించినవి, లేదా ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోగలిగినవి.

అల్లుడు: మావయ్యా, హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర ఐ7-2600కె సెట్ అమ్మకానికుంది. జెడ్68 బోర్డు, 16 జీబీ ర్యామ్, రెండు ఫ్యాన్ల కూలర్. 4.5 గిగాహెర్ట్జ్ మీద ఏళ్ళ తరబడి నడిపాడంట. నువ్వేమో ఐ3-12100 తీసుకోమంటున్నావు. ఐ7 వదులుకుని ఐ3 కొన్నానంటే మా క్లాసులో ఎట్టా చెప్పుకోవాలి?

మావయ్య: ఐ7, ఐ3 అనేవి ఏ ఏటి సరుకులో ఏది పైది, ఏది కిందిది అని చెప్పే గుర్తులు. 2011 జనవరిలో వచ్చిన ఐ7నీ, 2022 జనవరిలో వచ్చిన ఐ3నీ ఆ గుర్తు చూసి తూచకూడదురా. రెండిటికీ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. కాబట్టి పోటీ సరిసమానమైనదే. విడుదలనాటి ధరలు మాత్రం సమానం కాదు. దానికి 317 డాలర్లు, దీనికి 122 డాలర్లు.

అల్లుడు: కోర్లు సమానమన్నావు గదా. ఇక మిగిలింది వేగమే. 12100 టర్బోలో ఎంత ఎగిరినా 4.3 దాటదు. నాది 4.5, అదీ నాలుగు కోర్లూ ఒకేసారి. అంకె చూస్తే పాతదే పైన ఉంది.

మావయ్య: గుంటూరు మిర్చి యార్డులో ముఠా కూలీలను చూశావుగా. ఒకతను వేగంగా తిరుగుతూ ఒక్కో టిక్కీ మోస్తాడు. ఇంకొకతను దాదాపు అదే వేగంతో తిరుగుతూ బండి మీద రెండేసి టిక్కీలు తోసుకెళ్తాడు. నువ్వు వాళ్ళు ఎన్నిసార్లు తిరిగారో లెక్కపెడుతున్నావు. నేను లారీలోకి ఎన్ని టిక్కీలు ఎక్కాయో చూస్తున్నాను. గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని వందల కోట్ల సార్లు గడియారం కొట్టుకుందన్న లెక్క. ఒక్కో కొట్టుడులో ఎంత పని తెమిలిందో అది చెప్పదు.

అల్లుడు: ఆ తేడా అంతుంటుందా? రెండూ ఇంటెల్‌వే, రెండూ ఒకే రకం ప్రోగ్రాములు నడిపేవే.

మావయ్య: లోపలికి వెళ్ళి చూడు. 2600కె శాండీ బ్రిడ్జ్ రకం. ఒక విడతలో నాలుగు ఆదేశాలను విప్పి చదవగలదు. ముందువెనుకలు చూసుకుని పని కల్పించుకోవడానికి 168 ఆదేశాలను ఒకేసారి చేతిలో పెట్టుకోగలదు. 12100లో ఉన్నవి గోల్డెన్ కోవ్ కోర్లు. విడతకు ఆరు విప్పుతాయి, 512 దాకా చేతిలో ఉంచుకుంటాయి. ఒక్కో కోర్‌కి ఎల్2 క్యాష్ పాతదాంట్లో 256 కేబీ, కొత్తదాంట్లో 1.25 ఎంబీ. ర్యామ్ దగ్గరికి రా. డీడీఆర్3-1333 రెండు ఛానళ్ళ మీద సెకనుకు 21 జీబీ పైచిలుకు అందిస్తుంది, డీడీఆర్4-3200 అయితే 51 జీబీ. ప్రాసెసర్‌ను 4.5కి తోలినంత మాత్రాన ర్యామ్ దారి అంత వెడల్పు కాదు. డేటా కోసం అది ఇంకాస్త ఎక్కువగా కాచుకుని కూర్చుంటుంది, అంతే. ఒకే థ్రెడ్ మీద పరీక్ష పెడితే 12100, మామూలు వేగంతో నడిచే 2600కె కన్నా దాదాపు రెట్టింపు పని చేస్తుంది.

అల్లుడు: మామూలు వేగంతో పోలిస్తే గదా. నాది మామూలు వేగం కాదు. 3.4 నుంచి 4.5 అంటే 32 శాతం ఎక్కువ.

మావయ్య: ఆ 3.4 దాని మూల వేగం. ఒక్క కోర్ మీదే పని పడినప్పుడు టర్బో దానంతట అదే 3.8కి వెళ్తుంది. అక్కడినుంచి 4.5కి పెరిగింది 18 శాతం. నాలుగు కోర్లూ పనిలో ఉన్నప్పుడు నువ్వన్నదానికి దగ్గరగా వస్తుంది, ఒప్పుకుంటా. అయినా రెట్టింపు దూరంలో ఉన్నదాన్ని 18తోనూ 32తోనూ అందుకోలేవు.

అల్లుడు: మరి ఇన్నేళ్ళు అందరూ శాండీ బ్రిడ్జ్‌ని ఎందుకంత మెచ్చుకున్నారు? ఓవర్‌క్లాక్ చేసిన 2600కె ఉంటే కొత్తది కొననక్కర్లేదని ఎంతమంది చెప్పలేదు? వాళ్ళంతా అబద్ధం చెప్పారా?

మావయ్య: అబద్ధం కాదు. చెప్పిన కాలానికి అది నిజం. 2011 తర్వాత ఏటేటా వచ్చినవి కొద్దికొద్దిగానే మెరుగయ్యాయి. ఏఎండీ ఎఫ్‌ఎక్స్ ప్రాసెసర్లతో వెనకబడింది. ఇంటెల్‌కి తొందరలేదు. 2015లో స్కైలేక్ వచ్చినప్పుడు కూడా, 4.5 మీద నడిచే పాత 2600కె దాని పక్కన తలెత్తుకుని నిలబడింది. 2017 మార్చిలో ఏఎండీ రైజెన్ వచ్చాక కథ మారింది. ఇంటెల్ కోర్లు పెంచక తప్పలేదు. ఆ తర్వాత సన్నీ కోవ్‌కి స్కైలేక్ మీద సగటున 18 శాతం, గోల్డెన్ కోవ్‌కి దాని ముందుదాని మీద 19 శాతం, ఒక్కో కొట్టుడులో పని పెరిగిందని ఇంటెల్ ప్రకటించింది. ఒకదాని మీద ఒకటి వేసుకుంటే 40 శాతం. స్కైలేక్ నాటికే శాండీ బ్రిడ్జ్ కన్నా పెరిగినది దీనికి అదనం. నువ్వు విన్న మాట 2012లోనో 2016లోనో పుట్టింది. మాట అట్టాగే నిలిచింది, కింద నేల మాత్రం కదిలిపోయింది.

ఇక్కడ నేను కలగజేసుకోవాలి. పాత ప్రాసెసర్ల మీద మనవాళ్ళకున్న నమ్మకంలో చాలా భాగం ఆ ఆరేళ్ళ నిదాన కాలం ఇచ్చినదే. కొన్నది ఏళ్ళ తరబడి పాతబడకుండా నిలిచింది కాబట్టి, ఇక ఎప్పటికీ పాతబడదని అనిపించింది. మావయ్య ఆ నమ్మకాన్ని తీసిపారేయకుండా దానికొక తేదీ వేశాడు. హార్డ్‌వేర్ గురించి ఎవరు ఏ సలహా ఇచ్చినా అది ఏ ఏటిదో ముందు అడగాలి.

అల్లుడు: సరే, వేగం సంగతి పక్కనబెట్టు. నువ్వే చెప్పావు, అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సు చేసే రోజుల్లో సెలెరాన్‌ని తోలేవాళ్ళమని. అప్పుడు మీకు మంచిదైంది ఇప్పుడు నాకు ఎందుకు చెడ్డదైంది?

మావయ్య: సెలెరాన్ 300ఏ. దాని మాటెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. 1998 ఆగస్టులో వచ్చింది. 149 డాలర్లు. అదే నెలలో వచ్చిన పెంటియం2 450 ధర 669 డాలర్లు. సెలెరాన్ బస్ వేగం 66 మెగాహెర్ట్జ్, గుణకం నాలుగున్నర, అందుకే 300. మంచి బోర్డు మీద బస్‌ని 100కి మార్చావా, నాలుగున్నర వందలు 450! లోపల 128 కేబీ క్యాష్, చిన్నదే గానీ ప్రాసెసర్‌తో సమానమైన వేగంతో తిరిగేది. పెంటియం2 క్యాష్ పెద్దదైనా సగం వేగంతో నడిచేది. దాంతో చాలా పనుల్లో 149 డాలర్ల సరుకు 669 డాలర్ల సరుకుతో భుజం కలిపి నిలబడింది. తర్వాత రెండేళ్ళకు ఏఎండీ డ్యూరాన్, అథ్లాన్ మీద పెన్సిల్ గీతతో ఎల్1 బ్రిడ్జిలు కలిపి గుణకం తాళం తీసిన రోజులూ వచ్చాయి. ఇంజినీరు మనసున్న ఎవరికైనా అదొక పండగే.

అల్లుడు: మరి నా పండగకి అడ్డమెందుకు పడుతున్నావు?

మావయ్య: అప్పుడు మేం చేసిందేంటో చూడు. ఆ ఏడాది తయారైన కొత్త సరుకునే తోలాం. కంపెనీ చౌక గిరాకీ కోసం తక్కువ వేగం ముద్ర వేసి అమ్మింది. ముద్ర కింద దాగిన బలాన్ని మేం బయటికి తీశాం. పోటీకొచ్చిన పెంటియం2 కూడా అదే తరానిది. నువ్వు చేయబోయేది వేరు. పదేళ్ళకు పైగా పాతదాన్ని తోలి, తర్వాతి తరాలన్నిటినీ దాటించాలనుకుంటున్నావు. పైగా ముద్ర కింద దాగిన బలం అంటూ ఇప్పుడు పెద్దగా మిగలడంలేదు. కంపెనీలే దాన్ని పిండుకుని టర్బో అని పేరుపెట్టి అమ్ముతున్నాయి.

అల్లుడు: అద్గదీ, నేను అనబోయేది అదే! కొత్తవాటికి మామూలు వేగం అనేదే లేదు. ఫ్యాక్టరీలోనే ఓవర్‌క్లాక్ చేసి పంపుతున్నారు. ఐ9-13900కె మూల వేగం 3 గిగాహెర్ట్జ్, టర్బో 5.8. వాట్లు 253 దాకా లాగుతుంది. రైజెన్ 7000 వరస 95 డిగ్రీల దాకా వెళ్ళడం మామూలేనని ఏఎండీయే చెప్పింది. ఆఖరికి ఏమైంది? ఇంటెల్ 13, 14 తరాల్లో కొన్ని ప్రాసెసర్లు ఎక్కువ ఓల్టేజీకి లోపల దెబ్బతిని క్రాష్ అవుతున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుంది. ఆగస్టులో మైక్రోకోడ్ మార్చింది, వారంటీ రెండేళ్ళు పెంచింది. నా 2600కె అట్టాంటి జబ్బు లేకుండా పదమూడు పద్నాలుగేళ్ళు నడిచింది. లోపల మూతకీ చిప్‌కీ మధ్య సోల్డర్ ఉంది. తర్వాతి ఐవీ బ్రిడ్జ్‌లో పేస్ట్ పెట్టి పొదుపు చేశారు. కొత్తదంతా బంగారమేనని ఎట్టా నమ్మమంటావు?

మావయ్య: నువ్వన్న ప్రతి ముక్కా నిజం. అందుకే నీకు 13900కె కొనమని చెప్పలేదు. మన ఊళ్ళో ఏసీ లేని గదిలో 253 వాట్ల ప్రాసెసర్ పెట్టమని నేనెవరికీ చెప్పను. కొత్తవాటిలో కూడా అంచు మీద నడిచేవి, అంచుకి దూరంగా నడిచేవి ఉంటాయి. 12100 రెండో రకం. మూల పవర్ 60 వాట్లు, టర్బోలో గరిష్ఠం 89. 2024 గొడవ 13, 14 తరాలది, 12వ తరానికి దాంతో సంబంధం లేదు. శాండీ బ్రిడ్జ్ కూడా మచ్చలేకుండా పుట్టలేదు. 2011 జనవరి ఆఖరి రోజున దాని బోర్డుల చిప్‌సెట్‌లో సాటా పోర్టుల లోపం బయటపడి, ఇంటెల్ సరుకు వెనక్కి తీసుకుంది. సరిచేయడానికి 70 కోట్ల డాలర్లు అవుతుందని అప్పుడు చెప్పింది. లోపం ఏ తరంలోనైనా రావచ్చు. నీ పెట్టెలో లోపం వస్తే ఎవరు బాధ్యులు అన్నదే నీకు ముఖ్యం. కొత్తదానికి మూడేళ్ళ వారంటీ ఉంటుంది. ఎవరో ఏ ఓల్టేజీ మీద తోలారో తెలియని 2600కెకి బాధ్యుడివి నువ్వే.

అల్లుడు: ఆయన నాకు పరీక్ష చేసి చూపించాడు. ప్రైమ్95 గంటసేపు నడిపాడు. 70 డిగ్రీలు దాటలేదు.

మావయ్య: ఏ నెలలో?

అల్లుడు: డిసెంబర్‌లో. ఏసీ గదిలో.

మావయ్య: కూలర్ ఎంత పెద్దదైనా గదిలో ఉన్న గాలి కన్నా చల్లగా చేయలేదు. అది చేయగలిగింది గది వేడికీ చిప్ వేడికీ మధ్య దూరాన్ని తగ్గించడం వరకే. ఏసీ గది 20 డిగ్రీలు, చిప్ 70. అంటే ఆయన కూలర్‌తో ఆ దూరం 50 డిగ్రీలు. నువ్వుండేది రెండో అంతస్తు, పైన ఎండకి కాలిన స్లాబు. మే నెల మధ్యాహ్నం ఆ గదిలో 42 ఉందనుకో. 42కి 50 కలిపితే 92. 2600కెకి చిప్ లోపలి హద్దు 98 డిగ్రీలు. అది తాకితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చిప్ వేడెక్కేకొద్దీ లోపల లీకయ్యే కరెంటు పెరుగుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది. కాబట్టి ఆ 50 కూడా 50గా ఉండదు. ఇక దుమ్ము. పిడుగురాళ్ళ, దాచేపల్లి వైపు నుంచి వచ్చే సీపీయూలు విప్పితే హీట్ సింక్ రెక్కల మధ్య తెల్లగా సున్నం పేరుకుని ఉంటుంది. గాలి ఆడకపోతే ఎంత పెద్ద కూలరైనా ఏం చేస్తుంది? యూరప్‌లో, అమెరికాలో చల్లటి గదుల్లో కూర్చుని చెప్పిన 4.5 అంకె రెంటచింతల ఎండకి ఒప్పుకున్న అంకె కాదురా.

అల్లుడు: మేలో 4.2కి దించుకుంటా.

మావయ్య: అప్పుడు నువ్వు కొన్నది 4.5 కాదు గదా. పైగా మన ముహూర్తాలు మాఘం నుంచి వైశాఖం, జ్యేష్ఠం దాకా. పని దండిగా ఉండేదే ఎండాకాలంలో. అప్పుడే వేగం తగ్గించాలంటే ఓవర్‌క్లాక్ దేనికి? ఇక కరెంటు లెక్క చెప్తా, రాసుకో. వేగం ఎంత పెరిగితే ప్రాసెసర్ లాగే కరెంటు అంత పెరుగుతుంది. ఓల్టేజీ పెంచితే మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. 3.4 నుంచి 4.5 అంటే 1.32 రెట్లు. 1.2 ఓల్టులున్నది 1.35 చేశావనుకో, దాని వర్గం 1.27 రెట్లు. రెండూ హెచ్చిస్తే 1.68. 95 వాట్ల ప్రాసెసర్ 160 వాట్ల దగ్గరికి చేరింది. మూడోవంతు వేగం కోసం మూడింట రెండు వంతుల కరెంటు ఎక్కువ. 12100 దీనికన్నా ఎక్కువ పని చేస్తూ 60 నుంచి 89 లోపల ఉంటుంది. రోజుకి ఎనిమిది గంటలు రెండర్ పెడితే, 80 వాట్ల తేడా మీద 0.64 యూనిట్లు. మూడొందల రోజులకి 192 యూనిట్లు. ఆ తేడా అంతా నీ గదిలోకి వేడిగా వచ్చేదే. కరెంటు పోతే యూపీఎస్ మీద ఆగేది కూడా ఆ మేరకు తక్కువ సేపే.

అల్లుడు: యూపీఎస్ సంగతి నిజమే. పోయినసారి సగం రెండర్‌లో పోయింది.

మావయ్య: ఇంకోటి విను. ఓవర్‌క్లాక్ సరిగ్గా కుదరకపోతే నీలం తెర వచ్చి 101 అనో 124 అనో కోడ్ చూపించి ఆగిపోతుంది. శాండీ బ్రిడ్జ్ తోలినవాళ్ళందరికీ ఆ రెండంకెలు తెలుసు. ఆగిపోతే ఆగిపోయిందని తెలుస్తుంది, మళ్ళీ మొదలుపెడతావు. ఆగకుండా లోపల ఎక్కడో ఒక లెక్క తప్పితే? ఫైల్ తయారైపోతుంది, అందులో ఒక తునక పాడై ఉంటుంది. పెళ్ళివాళ్ళకి ఇచ్చేదాకా నీకు తెలియదు. ఆటలాడుకునేవాడికి అదొక ముచ్చట. బయానా తీసుకుని పని ఒప్పుకున్నవాడికి కాదు.

అల్లుడు: నా పని పెళ్ళి వీడియోలే కాబట్టి దాని మీదే అడుగుతా. రెండర్‌కి కావాల్సింది కోర్లు, వేగం. నాలుగు కోర్లు 4.5 మీద సరిపోవా?

మావయ్య: ఇప్పుడు కెమెరావాళ్ళు నీకు ఏ ఫైళ్ళు ఇస్తున్నారు?

అల్లుడు: 4కె. కొందరు హెచ్.265, 10 బిట్, 4:2:2 ఇస్తున్నారు. టైమ్‌లైన్ మీద కదలదు.

మావయ్య: అక్కడే ఈ వాదన తేలిపోతుంది. హెచ్.265 విప్పడం మామూలు కోర్లకి చాలా బరువు. అందుకే దానికోసం చిప్‌లో విడిగా ఒక భాగం పెడతారు. శాండీ బ్రిడ్జ్‌లో క్విక్ సింక్ ఉంది. ఆ రోజుల్లో అది పెద్ద వింత. కానీ అది హెచ్.264 కాలానిది, హెచ్.265 దానికి తెలియదు. 12100లోని గ్రాఫిక్స్‌కి హెచ్.265 10 బిట్ 4:2:2 కూడా విప్పడం వచ్చు, ఏవీ1 విప్పడమూ వచ్చు. నువ్వు 4.5 కాదు, 5 గిగాహెర్ట్జ్‌కి తోలినా లేని భాగం పుట్టుకురాదు. కొనేటప్పుడు చివర ఎఫ్ అన్న అక్షరం ఉన్నది మాత్రం తేవొద్దు. 12100ఎఫ్ కాస్త చౌక, కానీ అందులో ఈ గ్రాఫిక్స్ పనిచేయదు.

అల్లుడు: పాతదాంట్లో సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1050 టీఐ వేసుకుంటే? అది హెచ్.265 విప్పుతుంది.

మావయ్య: 4:2:0 అయితే విప్పుతుంది. 4:2:2 ని ఎన్‌విడియా కార్డులు విప్పడం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరసతోనే మొదలైంది. 1050 టీఐ ఇంకో 75 వాట్లు. నీ సెట్ ధరకి దాని ధర, పాత ఎస్‌ఎమ్‌పీఎస్ బదులు కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్ ధర కలుపు. చౌక అనుకున్నది ఎక్కడిదాకా వచ్చిందో చూడు.

అల్లుడు: ప్రాక్సీలు చేసుకుని చిన్న ఫైళ్ళ మీద ఎడిట్ చేస్తా.

మావయ్య: చేయొచ్చు. తప్పులేదు, చాలామంది అట్టాగే చేస్తారు. ప్రాక్సీ తయారవడానికి పట్టే గంటలు కూడా నీవే.

అల్లుడు: మావయ్యా, ఒక్క మాట. నువ్వు చెప్పిన లెక్కలన్నీ సరే. నాన్న ఈ ఏడు మిర్చి అమ్మి నాకు ఇస్తానన్నది కొంతే. 12100 అంటే ప్రాసెసర్ ఒక్కటే కాదు. బోర్డు కొత్తది, ర్యామ్ కొత్తది, ఎస్‌ఎస్‌డీ కొత్తది. ఆ మొత్తానికి నేను చాలను. పాత సెట్ అయితే చేతికందే ధర. పైగా పనిచేసే వస్తువుని చెత్తలో వేసి కొత్తది కొనడం కూడా మంచిది కాదు గదా. ఒక చిప్ తయారవడానికి ఎంత నీరు, ఎంత కరెంటు పోస్తారు! దాన్ని ఇంకో ఐదేళ్ళు వాడితే లోకానికి మేలు కాదా?

మావయ్య: ఇంతసేపట్లో నువ్వన్న బలమైన మాట ఇది. దీనికి వాట్లతో, గిగాహెర్ట్జ్‌తో జవాబు చెప్పకూడదు. రెండు వేరువేరు సంగతులున్నాయి. ఇప్పటికే ఇంట్లో 2600కె ఉన్నవాడు దాన్ని వాడుకోవడం మంచిపని. దాని కోసం కొత్తగా డబ్బు పెట్టడం వేరు. 2021 అక్టోబర్లో విండోస్ 11 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ గీసిన గీత ఇంటెల్ 8వ తరం. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. శాండీ బ్రిడ్జ్‌లో ఏవీఎక్స్ ఉంది గానీ ఏవీఎక్స్2 లేదు, అది 2013లో హాస్వెల్‌తో వచ్చింది. ఏవీఎక్స్2 లేకపోతే తెరుచుకోని ప్రోగ్రాములు పెరుగుతున్నాయి. ఓవర్‌క్లాక్‌తో వీటిలో ఒక్కటీ తీరదు.

అల్లుడు: మరి నాలాంటివాడు ఏం చేయాలి?

మావయ్య: మన ఇద్దరం చెప్పుకోని మూడో దారి ఉంది. పెద్ద ఆఫీసులు లీజు తీరాక వదిలేసిన డెస్క్‌టాప్‌లు. ఐ5-8500 ఉన్నది వెతుకుదాం. 2018 ఏప్రిల్ సరుకు. ఆరు కోర్లు, 65 వాట్లు, విండోస్ 11 గీతకి ఇవతలే ఉంది. హెచ్.265 10 బిట్ 4:2:0 విప్పుతుంది. 4:2:2 కి మాత్రం నువ్వన్న ప్రాక్సీ చేసుకోవాలి. అలాంటి పెట్టెని ఎవరూ ఓవర్‌క్లాక్ చేసి ఉండరు, ఎందుకంటే దానికి అది కుదరదు. సెకండ్ హ్యాండ్ సరుకులో అదే నీకు పెద్ద భరోసా. పనిచేసే వస్తువు చెత్తలోకి పోకూడదన్న నీ కోరికా తీరుతుంది, నాన్న మీద భారమూ తగ్గుతుంది.

అల్లుడు: ఓవర్‌క్లాక్ చేస్తే నేర్చుకోవచ్చనుకున్నా. బయోస్‌లో ఓల్టేజీ, గుణకం, లోడ్‌లైన్... పుస్తకంలో సీఎమ్‌ఓఎస్ పవర్ సమీకరణం చదివా గానీ చేత్తో పట్టుకుని చూడలేదు.

మావయ్య: అది వదులుకోవద్దు. షాపులో మూలన ఒక 2500కె, జెడ్77 బోర్డు ఉన్నాయి. ఆదివారాలు వచ్చి దాని మీద చేసుకో. పైకి తోలడం రెండు రోజుల్లో వస్తుంది. తర్వాత వెనక్కి రా. 3.3 మీద పెట్టి, ఓల్టేజీని ఆఫ్‌సెట్‌లో కొద్దికొద్దిగా దించుతూ ఎంత తక్కువలో నిలకడగా నడుస్తుందో కనుక్కో. వేడి ఎంత తగ్గిందో, గోడ దగ్గర మీటర్ పెట్టి వాట్లు ఎన్ని తగ్గాయో రాసుకో. డిసెంబర్‌లో ఒకసారి, మేలో ఒకసారి. ఆ రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి ప్రాజెక్టుగా ఇస్తే మీ లెక్చరర్లు కూడా ఆసక్తిగా చూస్తారు. ఈ ఎండలో ఆ లెక్క మనకి కావాలి.

అల్లుడు: లాప్‌టాప్ కంపెనీలు చేసేది అదే గదా, అదే పనిని తక్కువ వాట్లలో.

మావయ్య: ఫోన్ కంపెనీలు కూడా.

అల్లుడు: అయినా 4.5 చూడాలని ఉంది, మావయ్యా.

మావయ్య: జనవరిలో చూద్దువుగాని. పొద్దున్నే రా.

ఇద్దరిలో నా ఓటు మావయ్యకే, అయితే అల్లుడి డబ్బు లెక్క విన్న తర్వాతి మావయ్యకు. మొదట్లో ఆయన కొత్తదాన్ని సమర్థిస్తూ వాదించాడు. చివరికి ఎనిమిదో తరం పాతపెట్టె దగ్గర ఆగాడు. నాకు అదే సరైన చోటనిపిస్తోంది. మిక్సింగ్ మీద బతికేవాళ్ళకు స్తోమత ఉంటే గ్రాఫిక్స్ ఉన్న 12100 లాంటి చిన్న కొత్త ప్రాసెసర్, లేకపోతే ఓవర్‌క్లాక్ ఎరగని ఆఫీసు సరుకు. ఇంట్లో ఇప్పటికే శాండీ బ్రిడ్జ్ ఉంటే దాన్ని మామూలు వేగానికి దించి, ఒక సాటా ఎస్‌ఎస్‌డీ వేసి, లినక్స్ ఎక్కించండి. రాతకోతలకు, పిల్లల ప్రోగ్రామింగ్ పాఠాలకు అది ఇంకా చాలు. మీకు అక్కర్లేదనుకుంటే దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూలులో అడగండి.

సెకండ్ హ్యాండ్ సెట్లు అమ్మే దుకాణాల వాళ్ళకు ఒక విన్నపం. ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ మీద నడిచినదైతే ఆ మాట, ఎంత ఓల్టేజీ మీద ఎన్నాళ్ళు నడిచిందో ఆ వివరం, బిల్లు మీద రాసివ్వండి. కొనేవాళ్ళు ఏసీ ఆపించి, తలుపులు తెరిపించి, మధ్యాహ్నం పూట గంటసేపు ప్రైమ్95 నడిపించి చూశాకే డబ్బులివ్వండి.